మూడో వరస గోదారి సవారీ

ఒకటో నమోదు

పైదారి యాప్ నడిపేవాళ్ళకు మూడో వరస నుంచి సరోజన రాస్తున్నది.

మీ సవారీ ఉచితమట. బదులుగా వరసకొకరు వాడి చూసిన అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపాలట. మా వరస పెద్ద పోచాలు ఆ పని నా నెత్తిన పెట్టాడు. నేనే ఎందుకని అడిగితే, అన్నిటికీ వంకలు పెట్టేది నువ్వే కదా, ఆ వంకలేవో రాసి పంపు అన్నాడు. సరే, రాస్తాను. మావాళ్ళు ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగే రకం. నేను ముందు మూత తీసి వాసన చూసే రకం.

మీరు పట్నంలో గుమ్మటాల కింద ఉండేవాళ్ళు, మా బతుకు మీకు తెలిసి ఉండదు. మేముండేది మూతబడ్డ పాత గనిలో. పైన ఎండకు మనిషి నిలవలేడని మా అత్తల కాలంలోనే అందరూ కిందికి దిగారు. ఒక్కో సొరంగం ఒక్కో వరస. వరసకు ఒకటే ఇనుప తలుపు. లోపల రెండు పక్కలా ఇళ్ళు, చివర నేను పనిచేసే పుట్టగొడుగుల మడులు, వాటి పక్కన తొక్కుడు గది. ఎండ తగలని కాళ్ళు సన్నబడిపోతాయని డాక్టరు అందరినీ రోజూ సైకిల్ తొక్కమన్నాడు. కదలని సైకిల్, ఎదురుగా రాతి గోడ. తొక్కమంటే ఒకరికి నడుం నొప్పి, ఒకరికి పొయ్యి మీద కూర. నాకైతే ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉండేది.

నిన్న మీ కళ్ళజోళ్ళు వచ్చాయి. పెట్టుకుని పెడల్ మీద కాలు వేయగానే గోడ పోయింది. తారు రోడ్డు, రెండు పక్కలా వేపచెట్లు, చెట్ల కింద చల్లటి నీడ. మేకలు అడ్డం వస్తే నిజంగానే బ్రేకు వేశాను. పక్కింటి స్వరూప దారిలో కూడా నా పక్కనే కనిపించింది. మీ బొమ్మలో ఆమె నడుం కాస్త సన్నగా ఉంది. మీ యాప్‌లో ఆమెకు అన్నిటికంటే నచ్చింది అదే.

మా అత్త కనకవ్వ మాత్రం కళ్ళజోడు పెట్టుకునే ముందు ఒక పని చేసింది. ఇనుప తలుపు దగ్గరికి నడిచి వెళ్ళి, తన బిళ్ళ తీసి మెడలో వేసుకుని వచ్చింది. తలుపు పక్కన గోడకు ఒక పలక ఉంటుంది, దానికి మనిషికో మేకు. వరసలో ఉన్నవాళ్ళ ఇత్తడి బిళ్ళలు ఆ మేకులకు వేలాడుతుంటాయి. వరస దాటి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ మెడలో వేసుకుంటారు. గని నడిచిన కాలం నాటి పద్ధతి ఇది. కూర్చున్నచోటే తొక్కే సైకిల్‌కు బిళ్ళ ఎందుకని అందరూ నవ్వారు.

"నవ్వుండ్రి. దారి ఎసొంటిదైనా దారే. మా ఆయిన గిట్లనే, గీడికే గదా అని బిళ్ళ మేకుకు ఇడిసిపెట్టి పైకి పోయిండు. మనిషి ఇంట్లనే ఉన్నడనుకున్నరు. ఎవలన్న ఎతికిన్రా?"

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. మా మామ ఎండలో ఎలా పోయాడో వరసలో తెలియనివారు లేరు. ఈరోజు సగం మంది బిళ్ళలు మెడలో వేసుకునే సైకిల్ ఎక్కారు.

రెండో నమోదు

మీ యాప్ గురించి మంచి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. నడుం నొప్పులన్నీ ఎటో పోయాయి. పొద్దుటి పూట ఎవరి పనులు వాళ్ళవి. సాయంత్రం గుంపు సవారీ గంట మోగిందంటే మాత్రం పొయ్యి మీద కూర మాడినా ఎవరికీ పట్టదు. ఇప్పుడు బిళ్ళ లేకుండా ఎక్కేవాళ్ళే లేరు. సవారీ వేళకు తలుపు దగ్గరి పలక, వరసంతా కదిలి వెళ్ళే మైసమ్మ జాతర రోజు ఉన్నట్టు బోసిగా ఉంటోంది.

మా అమ్మాయి రవళికి పదకొండేళ్ళు. పుట్టినప్పటి నుంచి ఆయాసం. మామూలుగా తొక్కుడు గదికి పంపను. ఒక్కసారి కళ్ళజోడు పెట్టి మెల్లగా తొక్కనిచ్చాను. ఆకాశం అంత పెద్దగా ఉంటే పైవాళ్ళకు భయం వేయదా అని అడిగింది. మా ఆయన రాజలింగు పైన ఎండ నుంచి కరెంటు తీసే పలకలు తుడిచి మరమ్మతు చేసే పనికి వెళ్తుంటాడు. ఆయనను అడగమన్నాను.

ఒక చిన్న వంక. ఇంటింటికీ కింది ఫ్యాను నుంచి గాలి వచ్చే కన్నం ఉంటుంది. దానికి పాత చీర పేలిక ఒకటి కడతాం, గాలి వస్తోందో లేదో తెలియడానికి. ఆ పేలికలు ఉతికి కట్టడం ఆడవాళ్ళ పని. ఈమధ్య సాయంత్రాలు మా ఇంటి పేలిక సరిగా ఆడడం లేదు. జాతరకు వెళ్ళి వచ్చినప్పుడు కూడా ఇల్లంతా ఇలాగే ఉక్కగా, పేలిక వేలాడుతూ ఉంటుంది. "మనిషి లేని ఇంటికి గాలి కూడ రాదు" అంటుంది మా అత్త. వరసలో అందరూ అనే మాటే అది. కానీ ఇప్పుడు మేమంతా ఇక్కడే ఉన్నాం కదా. గాలి వడకట్టే జల్లెడలో దుమ్ము చేరి ఉంటుంది.

మూడో నమోదు

మీ దారిలో ఒక వంతెన ఉంది. పత్తి చేలు దాటాక వస్తుంది, కింద ఎండిన వాగు. ఆ వంతెన దగ్గర ఏముందో మీరు చెప్పాలి.

మొదట స్వరూపకు అక్కడ తల తిరిగింది. తొక్కడం కొత్త కదా అనుకున్నాం. మరునాడు పోచాలుకు అక్కడే కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడాయి. ఆ తరువాత ఒకరు వాంతి చేసుకున్నారు. రోజూ సవారీ వేపచెట్ల దగ్గర హుషారుగా మొదలవుతుంది, పత్తి చేలలో మాటలు తగ్గుతాయి, వంతెన మీదికి వచ్చేసరికి అందరి గుండెలూ దడదడలాడుతుంటాయి. వంతెన చివర ఎవరో నిలబడి ఉన్నారని స్వరూప అంటోంది. మగమనిషట, మెడలో బిళ్ళ లేదట. ఆమె అలా అన్నాక ఇంకో ఇద్దరికి కూడా కనిపించాడు. అనుమానం పెనుభూతం అని నేను కొట్టిపారేశాను. ఆ సాయంత్రం వంతెన వచ్చేసరికి నేనూ కళ్ళు మూసుకునే తొక్కాను. చెవుల్లో నా రక్తం హోరు నాకే వినిపించింది.

మా అత్తకు మాత్రం ఏ భయమూ లేదు. ఉంటే ఉండనియ్యి, మా ఆయనే అయితే మంచిదే కదా అంది.

అంతకంటే నన్ను భయపెట్టింది వేరే ఉంది. నిన్న సవారీ దిగి ఇంటికి వస్తే రవళి మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఊపిరి కోసం తంటాలు పడుతోంది. పెదవుల రంగు మారింది. మందు పీల్పించినా చాలాసేపటి దాకా కుదుటపడలేదు. పిల్ల ఆరోజు మీ కళ్ళజోడు ముట్టుకోలేదు. సైకిల్ ఎక్కలేదు. ఇంట్లో పడుకుని ఉంది. మీ వంతెన మా ఇంటిదాకా ఎలా వచ్చింది?

నాలుగో నమోదు

పోచాలు మీకు కబురు పంపితే మీ జవాబు వచ్చింది. మా పరికరాల్లో ఏ లోపమూ లేదు, సవారీకి ముందు నీళ్ళు ఎక్కువ తాగండి అని. తాగాం. తాగి తొక్కాం. తల అలాగే తిరిగింది.

వరసలో ఇప్పుడు రెండు జట్లు. ఉచితంగా ఎవడూ ఏదీ ఇవ్వడు, ఈ యాప్ మన ఊపిరి తాగుతోంది అనేది ఒక జట్టు. మీ గుమ్మటాల్లో ఊపిరికి కరువొచ్చి మా నుంచి పీలుస్తున్నారని కూడా అంటున్నారు. తలనొప్పి వస్తే రానీ, ఆ చెట్ల నీడ లేకుండా ఇక బతకలేం అనేది రెండో జట్టు. తమాషా ఏమిటంటే సాయంత్రం గంట మోగేసరికి రెండు జట్లూ బిళ్ళలు వేసుకుని సైకిళ్ళ మీదే ఉంటాయి. వంతెన మీద అతను ఉన్నాడని తెలిశాక బిళ్ళ కింద ఇంకో దారం కూడా కట్టుకుంటున్నారు.

నేను మానేశాను. రవళిని వదిలి కదలడం లేదు. నా బిళ్ళ, దాని బిళ్ళ పలక మీదే ఉన్నాయి. అయినా సాయంత్రమైతే పిల్లకు ఆయాసం వస్తూనే ఉంది. మధ్యాహ్నం దాకా ఆడుతూ పాడుతూ ఉంటుంది. గుంపు సవారీ మొదలైన కాసేపటికి ఆవలింతలు, తరువాత తలనొప్పి, ఆ తరువాత గొంతులో పిల్లికూత. గంట మోగుతోందంటే ముందే మందు చేతిలోకి తీసుకుంటున్నాను.

ఇంకోటి చూశాను. మడుల్లో పుట్టగొడుగులు చెడిపోతున్నాయి. కాడలు పొడుగ్గా సాగి, గొడుగులు బొత్తాల్లా ముడుచుకుపోతున్నాయి. మడి మీద పట్టా కప్పి తీయడం మరిచిపోతే గాలి ఆడక ఇలా అవుతుంది. మేము పట్టాలు తీసి నెలలైంది. మనిషికి దయ్యం పట్టిందంటే వినొచ్చు. పుట్టగొడుగుకు వంతెన మీద ఎవడు కనిపించాడు?

అందుకే జల్లెడలు మార్చే అతన్ని పిలిపించాను. పొద్దున వచ్చాడు. కన్నం దగ్గర పేలిక జెండాలా ఎగురుతోంది. జల్లెడ విప్పి చూపించాడు, దుమ్ము లేదు. సాయంత్రం వచ్చి చూడమన్నాను. అతను నవ్వి, సాయంత్రం తనకూ సవారీ ఉందన్నాడు. వాళ్ళది రెండో వరస. అక్కడ ఎవరికీ తల తిరగడం లేదట, వంతెన మీద ఎవడూ లేడట.

ఐదో నమోదు

ఆదివారం గోదారి దారి తెరుస్తున్నామని మీ ప్రకటన వచ్చింది. వంతెన దాటాక పెద్ద రోడ్డు, అది దాటాక ఇసుక, ఇసుక చివర నీళ్ళు. సైకిల్ దిగి నీళ్ళలో మునగవచ్చట, ఒంటికి చల్లదనం తెలిసేలా గాలిపట్టీ కూడా పంపారు. వరసకు వరస పిచ్చెక్కిపోయింది. ఊపిరి తాగుతోందన్నవాళ్ళు కూడా కొత్త బట్టలు తీశారు.

మా అత్త పుట్టింది గోదారి ఒడ్డున. రవళి వయసులో ఉండగా కిందికి దిగింది. అప్పటి నుంచి మళ్ళీ చూడలేదు. మామను ఒడ్డున కాకుండా ఈ రాళ్ళలో పూడ్చాల్సి వచ్చిందన్న బాధ ఆమెకు ఈనాటికీ ఉంది. ఆదివారం నేను రానని చెప్పాను. ఆమెను కూడా వద్దన్నాను. గుండె బలహీనంగా ఉంది, ఆ వంతెన దాటలేవు అన్నాను. గట్టిగానే అన్నాను. రాజలింగు ఈ వారమంతా పైన పనిలో ఉన్నాడు, లేకపోతే ఆయనతో చెప్పించేదాన్ని.

ఆమె రవళి తల నిమురుతూ కూర్చుంది.

"నువ్వు రాకు బిడ్డా, పిల్ల కాడ ఉండు. మీ ఇద్దరి బిళ్ళలు నేను మోస్కపోత. మీ పేరు మీద ముంచుత. పిల్ల ఆయాసం గంగల కలిసిపోని."

మీకు ఇది కొత్తగా ఉంటుంది. మా దగ్గర జాతరకు రాలేని రోగుల బిళ్ళను ఇంటివాళ్ళు మెడలో వేసుకుని తీసుకెళ్తారు. మొక్కు వాళ్ళకూ చెందుతుంది. కంప్యూటర్ గోదారిలో ముంచితే ఏం చెందుతుందో నాకు తెలియదు. కానీ ఆ ముఖం చూశాక కాదనలేకపోయాను. పిల్ల పేరు చెబితే నేను దేనికైనా తల వంచుతానని ఆమెకు తెలుసు. సరే అత్తమ్మా అన్నాను.

ఆరో నమోదు

ఈ నమోదు రాయడానికి చేయి రావడం లేదు. రాయకపోతే నిద్ర రావడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం తిని అందరూ తొక్కుడు గదికి వెళ్ళారు. ముసలివాళ్ళు, పిల్లలు, బాలింత కూడా. సైకిళ్ళు చాలక పెడల్ పెట్టెలు తెచ్చి వేశారు. మా అత్త మాత్రం తినకుండా తలంటుకుని, ఎర్రంచు చీర కట్టుకుని, మూడు బిళ్ళలు మెడలో వేసుకుని, రవళికి బొట్టు పెట్టి వెళ్ళింది. తలుపు వేసుకుంటూ, అన్నం చల్లారనియ్యకు, వచ్చి తింట అంది. గంట మోగింది. సవారీ మొదలైన కాసేపటికే పేలిక పడిపోయింది. వేలాడడం కాదు, తడిసిన గుడ్డలా కన్నానికి అంటుకుపోయింది. నేను చేయి పెట్టి చూశాను. ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి ఆ కన్నంలో నుంచి వచ్చే చిన్న హోరు వింటూ పెరిగాం. అది ఆగితే ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. చెవులు పోయాయేమో అనుకున్నాను.

తరువాత దీపాలు ఆరిపోయాయి. దూరంగా ఇనుప తలుపు దడాలున పడింది.

చీకట్లో రవళి నా చేయి పట్టుకుంది. "అమ్మా, గాలి వస్తలేదు" అంది. భయపడి ఏడవడం కాదు, మామూలుగా చెప్పింది. దాని గొంతు అంత మామూలుగా ఉండడమే నన్ను భయపెట్టింది. పిల్లను భుజాన వేసుకుని గోడ పట్టుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళాను. కొట్టాను. అరిచాను. ఆపద గంట బొత్తం నొక్కితే కరెంటు లేక అదీ మోగలేదు. ఆ తలుపు ఒకసారి పడితే బయటి నుంచి తీయాల్సిందే.

తలుపు మీద అరచేతులు నొప్పి పుట్టేదాకా కొట్టి, పక్కనున్న పలకకు ఆనుకున్నాను. ఎప్పుడు ఆనుకున్నా బిళ్ళలు గలగలమంటాయి. ఈసారి చప్పుడు లేదు. తడిమి చూశాను. మేకు, మేకు, మేకు. అన్నీ ఖాళీ. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్క బిళ్ళ కూడా లేదు.

మనిషి లేని ఇంటికి గాలి కూడా రాదు.

చిన్నప్పటి నుంచి ఆ మాట అంటూనే ఉన్నాం, వింటూనే ఉన్నాం. దిగులు మాట అనుకున్నాం. అది మొదట అన్నవాళ్ళు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పారు. మేము ఇక్కడ లేమని ఫ్యాను అనుకుంటోంది. రోజూ సాయంత్రం సగం కంటే ఎక్కువ మందిమి లేమనుకుంది. ఈరోజు అసలు ఎవరమూ లేమనుకుంది.

పిల్లను పలక కింద కూర్చోబెట్టి తొక్కుడు గదికి పరుగెత్తాను. పరుగు అనుకున్నాను కానీ కాళ్ళు రావడం లేదు. గది తలుపు తీస్తే లోపల చీకట్లో వరసగా నీలం ముఖాలు. సైకిళ్ళ కరెంటుతో కళ్ళజోళ్ళు వెలుగుతూనే ఉన్నాయి. దీపాలు ఆరిన సంగతి వాళ్ళకు తెలియదు. వాళ్ళకు అక్కడ ఎండ కాస్తోంది. కొందరు ఇంకా తొక్కుతున్నారు, కొందరు హ్యాండిల్ మీద వాలిపోయారు. ఒకరో ఇద్దరో నవ్వుతున్నారు. ఆ నవ్వులు నేను జన్మలో మరిచిపోలేను.

మా అత్త గోడ వైపు సైకిల్ మీద పక్కకు ఒరిగి ఉంది. కళ్ళజోడు లాగేశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడడం లేదు.

"నీళ్ళు సల్లగున్నయే" అంది. "పిల్లను గూడ దింపిన."

బిళ్ళలు ఆమె పిడికిట్లో ఉన్నాయి. ఇవ్వమన్నాను. తానం కాలేదు అంటూ ఇంకా గట్టిగా పట్టుకుంది. వేళ్ళు విడదీసి లాగాను. దారం తెగింది. ఆమె వేలు కోసుకుపోయి ఉంటుంది, నా చేతికి తడి తగిలింది. ఆమెను ఎత్తి నేల మీద పడుకోబెట్టడానికి కూడా ఆగలేదు. అలాగే వదిలేసి పలక దగ్గరికి వచ్చాను.

మొదట రవళి బిళ్ళ తగిలించాను. తరువాత నాది. తరువాత ఆమెది. ఎక్కడో కింద ఫ్యాను మూలిగింది. ఒక దీపం వెలిగింది. ముగ్గురికి ఎంత గాలి కావాలో అంత వచ్చింది. లోపల వరసకు వరస ఉంది.

మళ్ళీ వెళ్ళాను. పోచాలు మెడలో చేయి పెడితే అతను నా మణికట్టు పట్టుకున్నాడు. వంతెన మీదివాడు వచ్చి బిళ్ళ గుంజుకుంటున్నాడని అనుకున్నాడట, తరువాత చెప్పాడు. కళ్ళజోడు ఊడగొట్టి అతని చెవిలో అన్నాను.

"బిళ్ళలు మేకులకు తగిలియ్యి. మన గాలి అండ్లనే ఉన్నది."

ఎంత అర్థమైందో తెలియదు కానీ అతను లేచాడు. ఇద్దరం మెడల్లో నుంచి దారాలు తెంపాం. స్వరూప మెడలో, బాలింత మెడలో, పసివాళ్ళ మెడల్లో. గుప్పెడు గుప్పెడు తీసుకెళ్ళి చీకట్లో మేకులకు వేశాం. జారిపడినవి నేల మీద తడిమి వెతికాం. ఒక్కో గుప్పెడుకు హోరు కొంచెం పెరిగేది, ఇంకో దీపం వెలిగేది. ఒక్కొక్కరు దగ్గుతూ, కక్కుతూ, ఏడుస్తూ కళ్ళజోళ్ళు తీశారు.

అన్నీ తగిలించాక మా అత్త దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆమె చల్లబడిపోయింది.

ఏడో నమోదు

కరెంటు వచ్చాక ఆపద గంట మోగిస్తే రెండో వరసవాళ్ళు బయటి నుంచి తలుపు తీశారు. రాజలింగు దిగి వచ్చి, పలక వెనుక తీగలు, పాత గని పుస్తకాలు వెతికి చూశాక అంతా విడమరిచి చెప్పాడు. పైన పలకల కరెంటు అన్ని వరసలకూ ఒకేసారి చాలదు. గాలిని కొలిచే డబ్బాలు పాడైతే కొత్తవి రాలేదు. అందుకని మా తాతల కాలంలో మేకులకు బరువు తెలిసే ఏర్పాటు చేశారు. ఎన్ని బిళ్ళలు వేలాడితే అంతమందికి గాలి. ఒక్కటీ లేకపోతే వరస ఖాళీ అని తలుపు పడుతుంది. జాతర రోజుల్లో కూడా రోగికి తోడుగా ఆగిన మనిషో, పొయ్యి దగ్గర ఉండిపోయిన ముసలమ్మో ఎవరో ఒకరి బిళ్ళ మిగిలేది కాబట్టి తలుపు ఎప్పుడూ పడలేదు. తెలిసినవాళ్ళు పోయారు, సామెత మిగిలింది. ఇంతా చెప్పి ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆరోజు ఆమెను అలా వదిలేసి వచ్చినందుకు నాకు ఏడుపు వస్తుంది. మళ్ళీ అదే చీకట్లో నిలబడితే మళ్ళీ అదే చేస్తానని తెలుసు. ఆ తెలియడమే నన్ను తినేస్తోంది.

మీ కాగితం చివర ప్రశ్నలున్నాయి. యాప్ నచ్చిందా? నచ్చింది. మీ దారిలో తప్పు లేదు, వంతెన మీద ఎవడూ లేడు. ఇతరులకు చెప్తారా? చెప్తాను, బిళ్ళ ముట్టుకోకుండా తొక్కమని చెప్తాను. రెండో వరసవాళ్ళు అసలు బిళ్ళలు తీయనే లేదట. వాళ్ళలో మా మామ లాగా ఎవరూ పోలేదు కాబట్టి వాళ్ళకు ఆ భయం తెలియదు. కొనసాగిస్తారా అని కూడా అడిగారు. పొద్దున కొందరు తొక్కుతున్నారు. ఎక్కే ముందు ప్రతివాళ్ళూ వెళ్ళి పలక చూసి వస్తారు. నేను పనిలో ఉండగా కూడా లేచి వెళ్ళి చూస్తుంటాను. రాజలింగు పైకి వెళ్ళడానికి తన బిళ్ళ తీసిన ప్రతిసారీ నా ఊపిరి ఆగుతుంది. అది ఒక్క మనిషి గాలే అని నాకు తెలుసు. అయినా ఆగుతుంది.

ఇంకొక్క సంగతి ఉంది. చనిపోయినవాళ్ళ బిళ్ళను వాళ్ళ చేతికి కట్టి పూడ్చడం మా ఆచారం. పోచాలు ఆమె బిళ్ళ తీయడానికి పలక దగ్గరికి వస్తే నేను అడ్డం నిలబడ్డాను. అందరూ చూశారు. లేని మనిషి బిళ్ళ ఉంచకూడదు, అరిష్టం అన్నారు. రాజలింగు పలక వైపు ఒకసారి చూసి, తల్లిని ఒట్టి చేతులతోనే తీసుకెళ్ళాడు.

ఆమె బిళ్ళ రవళి బిళ్ళ పక్క మేకుకు వేలాడుతోంది. ఫ్యాను లెక్కలో మా అత్త ఇంట్లోనే ఉంది. ఆమె వంతు గాలి రోజూ వస్తోంది, పిల్ల మంచం పైనున్న పేలిక సాయంత్రాలు కూడా ఆడుతోంది.